చెప్పకూడని చోట నోరు విప్పలేదు
శాంతి నాయుడు జీవితం నుంచి నాలుగో శీలం మీద ఒక పాఠం





ఆదివారం వందనలో మనమంతా పంచశీల చెప్పుకుంటాం. నాలుగోది ముసావాదా వేరమణి, అంటే అబద్ధానికి దూరంగా ఉండే శిక్షణ. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో కూడా అబద్ధమాడను అన్న మాట ఉంది. వినడానికి ఇది అన్నిటికన్నా తేలికైన శీలంలా ఉంటుంది. సారా ముట్టని వాళ్లం, దొంగతనం ఎరగని వాళ్లం, మాట విషయంలో మనకేం లోటు అనుకుంటాం. కానీ మన పేటల్లో అసలు పరీక్ష వచ్చేది దీనికే. ఆ పరీక్ష రోజువారీ కబుర్లలో రాదు. పోలీసు స్టేషన్లో, కోర్టు బోనులో, పెద్దమనుషుల రచ్చబండ దగ్గర వస్తుంది.

ఈ పాఠం కోసం మిమ్మల్ని దక్షిణాఫ్రికా దాకా తీసుకెళ్తాను. అక్కడ జాతి వివక్ష మీద పోరాడిన ఒక స్త్రీ కథ చెప్పి, మళ్లీ మన శ్రీకాకుళానికే వద్దాం.

1. ఓడ ఎక్కిన మన జనం

అరసవల్లి అంటే అందరికీ సూర్యదేవాలయమే గుర్తు. రథసప్తమికి వచ్చే జనాన్ని చూసి, ఈ నేల చరిత్ర అంతా అదే అనుకుంటారు. మనకి మాత్రం వంశధార ఒడ్డున శాలిహుండం కొండ కూడా గుర్తుండాలి. అక్కడి స్తూపాలు, చైత్యాలు ఈ గడ్డ మీద బౌద్ధం ఎంత గట్టిగా నిలిచిందో చెబుతాయి. ఈ నేలకి ఇంకో చరిత్ర కూడా ఉంది. అది పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటిన కూలీల చరిత్ర.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా మనుషుల్ని చెరకు తోటల్లో, గనుల్లో, రైల్వేల్లో పని చేయించడానికి ఒప్పంద కూలీలుగా తీసుకెళ్లారు. వాళ్లలో ఎక్కువ మంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లు. విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్లు కూడా అందులో ఉన్నారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. మన చికాకోలు గంజాం జిల్లాలో ఉండేది. ఓడ ఎక్కే ముందు ప్రతి మనిషికీ ఒక చీటీ రాశారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి మీద పుట్టుమచ్చలు అన్నీ అందులో ఎక్కించారు. సముద్రం దాటే మనిషి వెనకాల కులం కూడా ఓడ ఎక్కిందన్నమాట.

అయితే ఒకే ఓడలో, ఒకే గిన్నెలో తిని, ఒకే లైను ఇళ్లలో బతికాక ఆ కట్లు కొంత సడలాయి. నాయుడు లాంటి కుల బిరుదులు అక్కడ ఉత్త ఇంటిపేర్లయిపోయాయి. ఆ పేరు పెట్టుకున్న వాళ్లంతా ఇక్కడ మనకి తెలిసిన నాయుళ్లే అనుకోనక్కర్లేదు.

ఈ ముక్క ముందే ఎందుకు చెప్పానంటే, కథలో ఆమె పేరు వినగానే మీలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది. "నాయుళ్ల కథ మనకెందుకు?" అని. రావాల్సిన ప్రశ్నే. పేరు చూసి మనిషిని కొలిచే ఊళ్లో పుట్టినవాళ్లం కదా మనం. కానీ పుట్టుక చూసి కాదు, చేసిన పని చూసి మనిషిని కొలవమని బుద్ధుడు చెప్పాడు. ఆ కొలత మనమూ పాటించాలి.

2. మూడు తరాల ఇల్లు

శాంతి తాత తంబి నాయుడు. 1875లో మారిషస్‌లో పుట్టి దక్షిణాఫ్రికా వచ్చాడు. మాతృభాష తమిళం, తెలుగు కూడా కొంత వచ్చు. గాంధీ అక్కడ నడిపిన సత్యాగ్రహంలో 14 సార్లు జైలుకెళ్లాడు. ఆయన భార్య వీరమ్మాళ్ కూడా 1913లో జైలుకెళ్లింది.

గాంధీ పేరు వినగానే మనకి 1932 నాటి పూనా ఒప్పందం గుర్తొస్తుంది. అది మర్చిపోమని నేను అనను. పైగా, అప్పటి ఆ పోరాటం భారతీయుల హక్కుల కోసమే నడిచింది. నల్లవాళ్ల బాధని తన బాధగా తలకెత్తుకోలేదు. అది ఆ తరం లోపం.

కానీ ఆ ఇంట్లో తర్వాతి తరాలు అక్కడే ఆగిపోలేదు. మనం చూడాల్సింది ఇదే. తంబి కొడుకు నారణస్వామి చిన్నతనంలో గాంధీ ఆశ్రమంలో పెరిగినా, పెద్దయ్యాక కార్మిక సంఘాల్లో పనిచేశాడు. 1947 మార్చిలో భారతీయుల నాయకులు డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూ, ఆఫ్రికన్ నాయకుడు డాక్టర్ జూమా కలిసి పనిచేస్తామని ఒప్పందం చేసుకున్నారు. ఆ దారిలోనే ఈ ఇల్లూ నడిచింది. 1956 ఆగస్టు 9న 20 వేల మంది స్త్రీలు ప్రిటోరియాకి నడిచిన రోజున ఈ ఇంటి ఇల్లాలు మనోన్మణి కూడా ఆ నడకలో ఉంది. జొహానెస్‌బర్గ్‌లో వాళ్ల ఇంటి తలుపు నల్లవాళ్లకీ, తెల్లవాళ్లకీ, ఎవరికైనా తెరిచే ఉండేది. అందరూ ఆమెని 'అమా' అనేవారు. కొడుకు ఇంద్రేశ్ 1963లో పట్టుబడి రాబెన్ దీవి జైల్లో పదేళ్లు గడిపాడు.

మొదటి తరం "మనవాళ్లు" అంటే భారతీయులు. మూడో తరానికి "మనవాళ్లు" అంటే అణగారినవాళ్లందరూ. బాబాసాహెబ్ 'మైత్రి' అన్న మాటకి ఎందుకంత విలువిచ్చారో ఇక్కడ అర్థమవుతుంది. బంధుత్వానికి గోడలుంటాయి, మైత్రికి ఉండవు.

3. 371 రోజులు

శాంతి 1935లో పుట్టింది. వయసు వచ్చేసరికి దేశంలో వివక్షే చట్టమైపోయింది. 1948లో అధికారానికి వచ్చిన నేషనల్ పార్టీ 1950లో ప్రతి మనిషినీ జాతి వారీగా నమోదు చేసే చట్టం తెచ్చింది. ఏ జాతి ఎక్కడ బతకాలో గీత గీసే చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. 1953లో బెంచీలు, బస్సులు, సముద్రపు ఒడ్డు కూడా విడగొట్టారు. ఊరు ఒక చోట, పేట ఒక చోట అన్న పద్ధతి మనకి కొత్త కాదు. మన దగ్గర అది వేల ఏళ్లుగా చట్టం అక్కర్లేకుండానే నడిచింది.

శాంతి రాజకీయ సంఘాల్లో పనిచేసింది. 1960ల మొదట్లోనే ప్రభుత్వం ఆమె మీద నిషేధాజ్ఞ పెట్టింది. సభలకి వెళ్లకూడదు, ఊరు దాటకూడదు. 1969 జూన్‌లో ఉగ్రవాద చట్టం కింద పట్టుకెళ్లారు. ఆ చట్టంలో గడువు లేదు, లాయరు లేడు. ఇంటివాళ్లకి కబురు చెప్పక్కర్లేదు. ఒంటరి గదిలో పెట్టారు. నిద్ర పోనివ్వకుండా, నిలబెట్టి, అయిదు పగళ్లూ అయిదు రాత్రులూ ప్రశ్నించారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ అయిదు రోజుల్లో ఆమె తట్టుకోలేకపోయింది. పోలీసులు అడిగినవాటిలో కొన్ని ఒప్పుకుంది. ఆ మాట ఆమే తర్వాత కోర్టులో చెప్పింది. పోలీసులకి అదే కావాలి. విన్నీ మండేలాతో కలిపి 22 మంది మీద కేసు నడుస్తోంది. శాంతిని ప్రభుత్వ పక్షం సాక్షిగా నిలబెట్టి, స్టేషన్లో చెప్పినదే బోనులో చెప్పిస్తే సరిపోతుంది.

1969 డిసెంబరులో ఆమెని కోర్టుకి తెచ్చారు. చెబితే ఇంటికి పోవచ్చు. అప్పుడామె జడ్జి ముందు నిలబడి, విన్నీ తన స్నేహితురాలని, ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యం చెబితే తన అంతరాత్మతో తను బతకలేనని చెప్పింది. సాక్ష్యం ఇవ్వనంది. నోంద్వే మన్‌కాహ్లా అనే ఆఫ్రికన్ స్త్రీ కూడా అలాగే అంది. ఇద్దరికీ రెండేసి నెలల జైలుశిక్ష వేశారు. మొత్తం 371 రోజులు శాంతి నిర్బంధంలో గడిపింది. విన్నీ 491 రోజులు ఉంది. చివరికి 1970లో ఆ కేసే నిలవలేదు.

బయటికొచ్చాక కూడా నిషేధం వదల్లేదు. ఆమెని దేశం వదిలి వెళ్లనివ్వమని ఐక్యరాజ్యసమితిలో సైతం అడిగారు. 1972లో, మళ్లీ తిరిగి రాకూడదన్న షరతు మీద వెళ్లనిచ్చారు. దాదాపు ఇరవై ఏళ్లు పరాయి దేశాల్లో ఉండి, 1990ల మొదట్లో స్వదేశం చేరింది. 1994 ఏప్రిల్‌లో అందరూ ఓటేసిన ఎన్నిక వచ్చింది.

ఆమె మంత్రి కాలేదు, ఆమె విగ్రహాలూ ఊరూరా లేవు. ఆమె వారసత్వం ఏమిటంటే బోనులో అన్న ఆ ఒక్క మాట, దాని కోసం పడ్డ ఆ రోజులు.

4. మౌనం అబద్ధం కాదా?

ఇక్కడ ఒక ఉపాసిక లేచి అడగొచ్చు. "నిజం చెప్పమని కదా శీలం? ఆవిడ చెప్పనే లేదు. మరి శీలం తప్పినట్టు కాదా?" అని.

మంచి ప్రశ్న. దీనికి మూడు సుత్తాల సాయం తీసుకుందాం.

మొదటిది సాలెయ్యక సుత్తం. కోసల దేశంలో సాల అనే ఊరివాళ్లకి బుద్ధుడు చేసిన బోధ. అబద్ధం అంటే ఏమిటో చెప్పడానికి ఆయన తీసుకున్న ఉదాహరణ ఏమిటో తెలుసా? సాక్షి! ఒక మనిషిని సభకో, రాజు కొలువుకో పిలిచి, తెలిసింది చెప్పమంటారు. తెలియకపోయినా తెలుసంటాడు. చూసినా చూడలేదంటాడు. తన కోసమో, ఇంకొకరి కోసమో, కాస్త లాభం కోసమో తెలిసి తెలిసి మాట మార్చేస్తాడు. రెండున్నర వేల ఏళ్ల కిందటే మన తాలూకా కోర్టు వరండాలో నిలబడి చూసి చెప్పినట్టుంటుంది.

శాంతి "నాకు తెలియదు" అనలేదు. "మర్చిపోయాను" అనలేదు. "చెప్పను" అంది. అంతా వినేలా, శిక్ష పడుతుందని తెలిసి అంది. దాటవేతకీ నిరాకరణకీ తేడా ఇదే.

రెండోది అభయ రాజకుమార సుత్తం. ఒక మాట నిజమైతే చాలదు, అది మేలు చేసేదై ఉండాలి, చెప్పే సమయం కూడా సరైనదై ఉండాలి అని బుద్ధుడు అక్కడ వివరిస్తాడు. నిజమైనా మేలు చేయని మాట తథాగతుడు పలకడు. మేలు చేసే నిజం చేదుగా ఉన్నా, సమయం చూసి పలుకుతాడు. అన్యాయపు చట్టం చేతికి స్నేహితురాలిని అప్పగించే మాట ఎవరికి మేలు?

మూడోది రాహులుడికి చేసిన బోధ. పాత్రలో అడుగున మిగిలిన కాసిని నీళ్లు చూపించి, తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడని వాడిలో శ్రమణత్వం అంతే మిగులుతుందని చెప్పాడు. తర్వాత ఆ నీళ్లు పారబోసి, పాత్ర బోర్లించి మరీ చూపించాడు. చిన్న పిల్లాడికి చెప్పిన పాఠం. ముదురు వయసులోనూ మనకి పనికొచ్చే పాఠం.

కాబట్టి నాలుగో శీలానికి రెండు రెక్కలున్నాయి. బలవంతుడి కోసం బలహీనుడి మీద నోరు విప్పకపోవడం ఒకటి. బలవంతుడికి భయపడి బలహీనుడి కోసం నోరు మూసుకోకపోవడం రెండోది. శాంతికి మొదటిది పరీక్ష అయింది. మన పేటల్లో మనకి ఎక్కువగా వచ్చేది రెండోది.

5. నా సొంత మాట

ఇప్పుడు నా సంగతి చెబుతాను. చెప్పకపోతే ఈ పాఠం రాసే అర్హత నాకు లేదు.

నేను బి.ఏ. చదువుతున్న రోజులు. మా వాళ్లదొక పెళ్లి ఊరేగింపు పెద్దవీధిలోకి రాగానే ఆపారు. మాటా మాటా పెరిగింది. రాయి పడింది. నాకు మావయ్య వరసయ్యే ఆయన తల పగిలింది. రాయి ఎవరు విసిరారో నేను చూశాను. వీధి లైటు వెలుగుతోంది. చాలా స్పష్టంగా చూశాను.

కేసు రాయించారు. సాక్షుల్లో నా పేరు ఉంది. ఆ రాత్రి మా పెదనాన్న అన్నాడు: "ఒరే, మనకెందుకురా? ఆళ్లతో పడగలమా? రేపు ఆళ్ల పొలంలోకే కదా పనికెల్లాలి." మర్నాడు విచారణలో నేను "చీకట్లో కనబడలేదు సార్" అన్నాను. నాతోపాటు ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. కేసు పోయింది.

మావయ్య నన్ను తిట్టలేదు. కొన్నాళ్లకి, కల్లం దగ్గర ఎదురుపడినప్పుడు ఒక్కటే అన్నాడు: "నువ్వు సదువుకున్నోడివని నీ పేరు రాయించానురా." ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

చాలా ఏళ్ల తర్వాత శాంతి నాయుడు గురించి చదివినప్పుడు, ఆమె బోనులో నిలబడిన ఘట్టం కన్నా, అంతకు ముందు స్టేషన్లో కుంగిపోయిన ఘట్టం నన్ను ఎక్కువ పట్టుకుంది. ఆమె కూడా ఒకసారి పడింది. కానీ పడ్డచోట ఉండిపోలేదు. మన శీలాల్ని 'శిక్షాపదాలు' అంటాం. అంటే నేర్చుకునే మెట్లు. మెట్టు మీద కాలు జారినవాడు మళ్లీ ఎక్కొచ్చు. అందుకే ప్రతి వందనలోనూ శీలాన్ని మళ్లీ తీసుకుంటాం. ఈ రోజు నేను కోర్టుకెళ్లే సాక్షుల పక్కన కూర్చుంటున్నానంటే, అది నా గొప్ప కాదు. మావయ్యకి తీర్చలేని బాకీ అది.

6. రాజీ ముందా, నిజం ముందా?

మన ప్రాంతం లక్ష్మీపేటని మర్చిపోలేదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయర్ భూముల తగాదాలో అయిదుగురు దళితుల ప్రాణాలు పోయాయి. అంతకు ముందు 1985లో కారంచేడు, 1991లో చుండూరు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఏళ్లూ పూళ్లూ సాగే ఇలాంటి కేసుల్లో సాక్షి మాటే ఆయువు. అందుకే ఒత్తిడి అంతా సాక్షి మీదే పెడతారు. అప్పు ఇచ్చినవాడు వస్తాడు, పని ఇచ్చినవాడు వస్తాడు, చివరికి మన బంధువే వస్తాడు. అందరూ ఒకే మాట అంటారు: "రాజీ పడిపోండి."

దక్షిణాఫ్రికా కూడా రాజీ పడింది. కానీ ఎలా? 1995లో చట్టం చేసి, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన సత్యం, సయోధ్యల కమిషన్ పెట్టారు. 1996 నుంచి బాధితుల మాట బహిరంగంగా విన్నారు. నేరం చేసినవాడు మొత్తం నిజం బయటపెడితేనే క్షమాభిక్ష. 7,000కి పైగా దరఖాస్తులు వస్తే 849 మందికే దొరికింది. దాంతో న్యాయం పూర్తిగా జరగలేదని, భూమి చేతులు మారలేదని అక్కడివాళ్లే అంటారు. ఆ విమర్శలో బలం ఉంది. అయినా వరస గమనించండి. ముందు సత్యం, తర్వాత సయోధ్య. మన దగ్గర రాజీ అంటే నిజాన్ని పాతిపెట్టడం. నిజాన్ని పాతిపెట్టిన రాజీ మైత్రి కాదు, అది భయం.

బాబాసాహెబ్ ఈ రెండు దేశాల సంగతీ, అమెరికా నల్లవాళ్ల సంగతీ కలిపి చూసినవాడు. 1946లో దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల వివక్ష మీద మన దేశం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. అదే ఏడాది బాబాసాహెబ్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాసి, అక్కడి నల్లవాళ్లు సమితికి ఇస్తున్న అర్జీ ప్రతి కావాలని అడిగారు. అంటరానివాళ్లు కూడా అదే దారి తొక్కాలని ఆలోచిస్తున్నట్టు రాశారు. పరాయి దేశంలో వివక్షని ఖండించేవాళ్లు సొంత ఊళ్లో పేటని చూడాలి. ఆ మాట ఇప్పటికీ పాతబడలేదు.

7. మనం చెయ్యాల్సినవి

ఒకటి. చూసినంతే చెప్పండి. కోపంతో అక్కడ లేనివాళ్ల పేర్లు కలపడం కూడా ముసావాదమే. ఒక్క అబద్ధపు పేరు పది నిజాలను చంపేస్తుంది, కేసునీ చంపేస్తుంది.

రెండు. చూసింది ఆ రాత్రే కాగితం మీద రాసుకోండి. రాయడం రాని పెద్దవాళ్లకి చదువుకున్న పిల్లలు రాసిపెట్టాలి. కోర్టుకి పిలుపు ఏళ్ల తర్వాత వస్తుంది.

మూడు. సాక్షిని ఒంటరిగా పంపకండి. శాంతిని కుంగదీసింది ఆ ఒంటరి గదే. వాయిదాకి ఇద్దరు ఉపాసకులు తోడు వెళ్లాలి. ఆ రోజు కూలి పోతే సంఘం నుంచి చందా వేసుకుని ఇవ్వాలి.

నాలుగు. హక్కు తెలుసుకోండి. అత్యాచారాల నిరోధక చట్టం 1989కి తర్వాత చేర్చిన 15ఎ సెక్షన్ ప్రకారం బాధితులకీ సాక్షులకీ బెదిరింపుల నుంచి రక్షణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. ప్రయాణ ఖర్చులు, భత్యం కూడా ఇవ్వాలి. సాయం కోసం 14566 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు.

అయిదు. భయపడి మాట మార్చినవాడిని వెలివెయ్యకండి. వెలి ఎలా ఉంటుందో మనకి తెలుసు. అతని పక్కన కూర్చుని, మళ్లీ శీలం తీసుకునేలా చూడండి.

చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. "తెలియదు" అనడానికీ "చెప్పను" అనడానికీ తేడా ఏమిటి? మీ మాటల్లో చెప్పండి.
2. మన ఊళ్లో ఈ మధ్య జరిగిన రాజీల్లో నిజం ముందు బయటికి వచ్చిందా?
3. "మనవాళ్లు" అన్న మాటలో నేను ఎవరిని కలుపుకుంటున్నాను? ఎవరిని బయట ఉంచుతున్నాను?
4. నేను మూసుకున్న నోటి వల్ల ఎవరైనా నష్టపోయారా? ఇప్పుడు వాళ్లకి చెప్పాల్సిన మాట ఏదైనా మిగిలి ఉందా?

నాలుగో ప్రశ్నకి జవాబు అందరి ముందూ చెప్పక్కర్లేదు. ఇంటికెళ్లి, దీపం ముందు కాసేపు కూర్చుని, మీకు మీరే చెప్పుకోండి. తర్వాత ఆ మనిషి ఇంటికి వెళ్లండి. మా మావయ్య ఇప్పుడు లేడు. మీ మావయ్య ఉండొచ్చు.

జై భీమ్! నమో బుద్ధాయ!